వెర్నర్ దొర పని చేయలేదు

జర్మనీ నుంచి వెర్నర్ అనే ఇంజనీరు జహీరాబాదుకు వచ్చి, అల్లం ఎండబెట్టే మిషన్ ముందు ఇరవైమూడు రోజులు నిలబడి, ఏ పనీ చేయకుండా వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ కాగితాల్లో అలాగే ఉంది. కాగితం అబద్ధమాడదు. ఆడేది మనుషులు, కాగితం పాపం మోస్తుందంతే.

అది 1982 చలికాలం. ఊరి బయట బొంబాయి రోడ్డు పక్కన ఆ అల్లం ఫ్యాక్టరీ ఉండేది. మొగుడంపల్లి, న్యాల్‌కల్ వైపు రైతుల దగ్గర పచ్చి అల్లం కొని, కడిగి, ముక్కలు కోసి, ఎండబెట్టి, శొంఠి చేసి బయటి దేశాలకు పంపడం దాని వ్యాపారం. అంతవరకూ ఎండబెట్టే పని సూర్యుడు చూసుకునేవాడు. ఆయనకు జీతం లేదు గాని సెలవులు ఎక్కువ. నాలుగు రోజులు మబ్బు పట్టిందంటే సరుకంతా బూజే. అందుకని మేనేజరు ఇంద్రసేనారెడ్డి జర్మనీ నుంచి పెద్ద డ్రయ్యరు తెప్పించాడు. అది పద్దెనిమిది పెట్టెల్లో వచ్చింది. ఆ పెట్టెల్లో ఉన్నదాన్ని మిషన్‌గా మార్చడానికి వెనకాలే వెర్నర్ వచ్చాడు.

ఈ కథ మాత్రం వీరప్పది. ఝరాసంగం మనిషి, ముప్పయ్యేళ్లు దాటినవాడు, ఆ ఫ్యాక్టరీలో నాలుగేళ్లుగా టెంపరరీ ఫిట్టరు. ఏడాదిలో రెండువందల నలభై రోజులు పని చేసినట్టు హాజరు పట్టీలో పడితే మనిషిని పర్మనెంటు చేయాలని అక్కడ రూలు. అందుకే ప్రతి ఏడూ రెండువందల ముప్పయ్యో రోజు దగ్గర పడేసరికి ఫ్యాక్టరీవాళ్లకు వీరప్ప మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చేది. "మస్తు కష్టపడ్డవ్ వీరప్పా, జర ఇంటికాడ ఆరాం జెయ్యి" అని పంపేసేవారు. జనవరిలో మళ్లీ పిలిచేవారు. లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలయ్యేది.

ఆ ఏడు మాత్రం మిషన్ వస్తోంది కాబట్టి జాలి పుట్టలేదు. నవంబరు ఆఖరుకు రెండువందల ఇరవై ఒక్క రోజులయ్యాయి. మేనేజరు స్వయంగా భుజం మీద చెయ్యి వేసి, "మిషన్ నిలబెట్టు వీరప్పా, నువ్వు పర్మనెంటు ఫిట్టర్‌వి" అన్నాడు. ఆ సంగతి విన్న భార్య నారమ్మ ఇంటి గోడ మీద బొగ్గుతో రోజుకో గీత పెట్టడం మొదలుపెట్టింది. ఇంకా పందొమ్మిది గీతలు కావాలి.

వెర్నర్ దిగిన రోజే ఒక చిక్కు వచ్చిపడింది. ఆయన వచ్చింది వ్యాపార వీసా మీద. దానితోపాటు ఫ్యాక్టరీకి రూళ్ల కాగితం ఒకటి వచ్చింది. వచ్చిన విదేశీయుడు చూడవచ్చు, మాట్లాడవచ్చు, మీటింగులో కూర్చోవచ్చు, పని మాత్రం చేయరాదు. పని చేయాలంటే వేరే అనుమతి కావాలి. అది ఢిల్లీ నుంచి రావాలి. అది వచ్చేలోపు అల్లం కాదు, అల్లం వేసిన రైతు కూడా ఎండిపోతాడు.

ఇంతకీ పని అంటే ఏమిటో ఆ కాగితంలో రాయలేదు. ఆ కొరత తీర్చే బాధ్యత ఆఫీసు గుమాస్తా మాణిక్‌రావు నెత్తిన పడింది. మాణిక్‌రావుకు తెలియనిదంటూ లేదు. అల్లం అంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుంది అన్నవాడి వంశం ఆయనది. కళ్లజోడు సవరించుకుని, ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, సొంతంగా తీర్పు చెప్పాడు.

"చేత్తోని ముడితే పని. ముట్టకపోతే పని గాదు. సార్ చూపిస్తడు, వీరప్ప జేస్తడు. ఖతం."

అల్లం చెక్కు తీసే సంగమ్మకు ఈ తీర్పు ఎంతో నచ్చింది. "మా పటేలు గట్లనే బిడ్డా" అంది వీరప్పతో. "ముప్పయ్యేండ్ల సంది ఎవుసం జేస్తుండు. ఇంతవరకు కాళ్లకు మట్టంటలె."

మర్నాటి నుంచి వెర్నర్‌ను పటేలును చేశారు. ఆయన కోసం ఒక కుర్చీ, ఎండ తగలకుండా ఒక గొడుగు. పాపం, ఆ మనిషి పటేలుగా పుట్టినవాడు కాదు. ఆరడుగుల మనిషి, పారల్లాంటి చేతులు. బోల్టు కనిపిస్తే చాలు, ఆ చేతులు వాటంతటవే లేచేవి. మాణిక్‌రావు వెనక నుంచి "నో టచ్ సార్, నో టచ్" అని అరిచేవాడు. వెర్నర్ ఉలిక్కిపడి చేతులు ప్యాంటు జేబుల్లో కుక్కుకునేవాడు. నాలుగో రోజుకు కుడిజేబు చిరిగింది. నారమ్మ కుట్టి ఇచ్చింది.

చేతులు వాడకూడదు కాబట్టి, ఏ బోల్టో చూపడానికి ఒక కర్ర ఇచ్చారు. వెంటనే ఇంకో ధర్మసందేహం వచ్చింది. కర్ర మిషన్‌కు తగిలితే ముట్టుకున్నట్టా, కాదా? మాణిక్‌రావు ఒక పూటంతా ఆలోచించి, కర్ర కొసకూ మిషన్‌కూ మధ్య జానెడు దూరం ఉండాలని తేల్చాడు. ఆ దూరం తన జానతోనే కొలిచేవాడు.

ఆరో రోజున గేరుబాక్సు బిగిస్తుంటే వెర్నర్ ఉండబట్టలేకపోయాడు. మాణిక్‌రావు చాయ్‌కి వెళ్లిన సందు చూసి, వీరప్ప చేతిలోని పానా లాక్కుని, ఒక నట్టును మూడు చుట్లు తిప్పేశాడు. ఆకలిగొన్నవాడికి ముద్ద దొరికినట్టు ఆయన మొహం వెలిగింది. అంతలోనే మాణిక్‌రావు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"అయ్యో! ఎంత పని జేసిన్రు సార్! విప్పున్రి, విప్పున్రి!"

వెర్నర్ భయపడి విప్పబోయాడు. మాణిక్‌రావు ఇంకా గట్టిగా కేకేశాడు. "విప్పుడు గూడ పనే సార్!" చివరికి వీరప్ప ఆ నట్టును విప్పి, మళ్లీ అంతే బిగించాడు. అప్పటికి గాని ఆ నట్టు చట్టం ఒప్పుకునే నట్టు కాలేదు.

ఈ తమాషా అంతటిలో ఒక మేలు జరిగింది. అది ఎవరూ చేద్దామనుకుని చేసింది కాదు. వెర్నర్‌కు తెలుగు రాదు, వీరప్పకు ఇంగ్లీషు రాదు. ఒకడికి బుర్ర ఉంది, చేతులు వాడరాదు. రెండోవాడికి చేతులున్నాయి, బుర్ర ఎవరూ అడగలేదు. పదో రోజుకల్లా వెర్నర్ కర్ర ఎత్తకముందే వీరప్ప ఏ బోల్టో చెప్పగలిగేవాడు. పదిహేనో రోజుకు బేరింగు తిరిగే చప్పుడు విని, అది ఆరోగ్యంగా ఉందో మూలుగుతోందో తెలిసేది. ఒక రోజు గొలుసు విషయంలో వెర్నర్ చూపింది తప్పని వీరప్పకు తోచింది. తల అడ్డంగా ఊపి, తనకు తోచినట్టు బిగించాడు. వెర్నర్ వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, ముక్కు తగిలేంత దగ్గర నుంచి చాలాసేపు చూశాడు. తర్వాత వీరప్ప వీపు మీద ఒక్కటి చరిచాడు. వీరప్ప ఆ దెబ్బను రెండు రోజులు వీపు మీదే మోసుకు తిరిగాడు. నాలుగేళ్లలో ఆ ఫ్యాక్టరీలో ఒక మనిషి తన పనిని చూసి సంతోషపడటం అదే మొదలు.

పదహారో రోజున జిల్లా నుంచి ఒక ఆఫీసరు జీపులో దిగాడు. విదేశీయుడెవడో అనుమతి లేకుండా పని చేస్తున్నాడని ఆకాశరామన్న ఉత్తరం ఒకటి అందిందట. మేనేజరు చెమట తుడుచుకుంటూ ఎదురెళ్లాడు. ఆఫీసరు డ్రయ్యరు గదిలోకి వచ్చి కాసేపు చూశాడు. వెర్నర్ కర్రతో చూపుతున్నాడు. వీరప్ప బిగిస్తున్నాడు.

"ఈయన జెప్తుండు, నువ్వు జేస్తున్నవ్" అన్నాడు ఆఫీసరు వీరప్పతో. "చెప్పి చేయించెటోన్ని ఏమంటరు?"

"మేస్త్రీ అంటరు సార్" అన్నాడు వీరప్ప, తెలిసిన ప్రశ్న వచ్చిందన్న సంబరంలో.

"మేస్త్రీది పనా, కాదా?"

మాణిక్‌రావు మెదడు గబగబా పరిగెత్తింది. "మేస్త్రీ గాదు సార్! ఇది మీటింగు. వీరప్ప మా కంపెనీ తరపు మనిషి. ఆ సార్ సలహా ఇస్తడు, ఈయన విచారిస్తడు."

"మీటింగా? మరి కుర్చీలేవి?"

రెండు నిమిషాల్లో ఇంకో కుర్చీ వచ్చింది. బల్ల వచ్చింది, దాని మీద ఇస్త్రీ బట్ట వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. గ్రీజు చేతులతో ఉన్న వీరప్పను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా వెర్నర్. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ బిస్కెట్లు తిన్నారు. మీటింగు బాగా జరుగుతోందని ఆఫీసరుకు నమ్మకం కుదిరింది. మీటింగుల రికార్డు పంపమని చెప్పి, దగ్గుకు మంచిదని నాలుగు కిలోల శొంఠి జీపులో వేయించుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే మాణిక్‌రావు కొత్త రిజిస్టరు తెరిచాడు. మొదటి రోజు: పునాది బోల్టుల గురించి చర్చ. రెండో రోజు: పునాది బోల్టుల గురించి మరింత చర్చ. అలా పదహారు రోజులకూ రాసి, ప్రతి పేజీ కింద వీరప్ప చేత సంతకం పెట్టించాడు. ఆ తర్వాత రోజుకొక పేజీ. వీరప్ప నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరమే దిద్ది, ఎంతో శ్రద్ధగా సంతకాలు చేశాడు. ఇంటికెళ్లి, "ఇయ్యాల మీటింగుల గూసున్న" అని నారమ్మకు చెప్పాడు.

"గూసుంటే కూలి ఇస్తరా?" అంది నారమ్మ. ఆ మాటకు వీరప్ప నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సింది.

ఇరవైమూడో రోజున మిషన్ నడిచింది. ఒక కొసన పచ్చి అల్లం ముక్కలు పోస్తే రెండో కొసన శొంఠి వచ్చింది. వెర్నర్ వీరప్పను చూపిస్తూ ఇంగ్లీషులో ఏదో గట్టిగా చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టి మేనేజరు మెడలో దండ వేశారు. వెర్నర్ తన దండ తీసి వీరప్ప మెడలో వేయబోతే ఫొటో తీసేవాడు అడ్డమొచ్చి, "జర పక్కకు జరుగు" అన్నాడు వీరప్పతోనే. వెర్నర్ వీరప్ప చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. అది ముట్టుకోవడం కిందికి వస్తుందా అని మాణిక్‌రావు ఒక్క క్షణం కలవరపడ్డాడు. అదే రాత్రి దొర హైదరాబాదు బస్సెక్కాడు.

మర్నాడు వీరప్ప తల దువ్వుకుని ఆఫీసుకు వెళ్లాడు. నారమ్మ గోడ మీద ఇరవైమూడు గీతలున్నాయి. కావలసినవాటికన్నా నాలుగు ఎక్కువే.

మాణిక్‌రావు హాజరు పట్టీ తెరిచి అతని ముందు పెట్టాడు. డిసెంబరు నెల మొత్తం వీరప్ప పేరు ఎదురుగా ఎర్రసిరాతో అడ్డంగా గీత కొట్టి ఉంది.

"గిదేంది సారూ?"

"నువ్వు మీటింగుల ఉన్నవ్ కద. మీటింగుల ఉన్నోడు పని ఎట్ల జేస్తడు? ఒక్క మనిషి రెండు తావుల ఉండడు."

"మరి మిషన్ ఎవలు బిగించిన్రు?"

మాణిక్‌రావు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట గట్టిగ అనకు. నువ్వు బిగించినవంటే, నీతోని ఎవలు బిగిపిచ్చిన్రని అడుగుతరు. దొర మీదికి కేసొస్తది, కంపెనీ మీదికి కేసొస్తది. కాగితం ప్రకారం ఎవ్వలు బిగియ్యలె."

"ఎవ్వలు బిగియ్యకపోతే ఎట్ల నడుస్తున్నది?"

"నడుస్తున్నది కద. ఇంకేం కావాలె నీకు?"

వీరప్పకు ఏడుపొచ్చింది. గుమాస్తా ముందు ఏడవడం ఇష్టం లేక బయటికొచ్చి, మిషన్ వెనక నిలబడి ఏడ్చాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు కూడా మేనేజరే కాబట్టి ఆ సామెతకూ దిక్కు లేదు. మేనేజరు దగ్గరికి వెళితే, ఆయనకు మళ్లీ జాలి పుట్టింది. "మస్తు అలసినవ్ వీరప్పా. జనవరిల రా, చూద్దాం" అన్నాడు.

జనవరిలో వచ్చేసరికి పర్మనెంటు ఫిట్టరు పోస్టు నిండిపోయి ఉంది. అందులో రామ్‌కిషన్ కూర్చున్నాడు. మేనేజరుకు బావమరిది వరస, పైగా సర్టిఫికెట్టు ఉన్నవాడు. "మిషన్ మీద పని జేసిన అనుభవం నీకు కాగితం మీద లేదు" అని మాణిక్‌రావు వీరప్పకు వివరంగా చెప్పాడు. వీరప్పను గేటు దగ్గర వాచ్‌మన్‌గా పెట్టారు. టెంపరరీ. ఒంటికి ఖాకీ చొక్కా, చేతికి ఒక లాఠీ.

ఫిబ్రవరి మొదటి వారంలో గేటు దగ్గర కూర్చున్న వీరప్ప చెవికి ఆ చప్పుడు తగిలింది. లోపల ఫ్యాన్ వైపు బేరింగు మూలుగుతోంది. మధ్యాహ్నం అన్నానికి వెళుతున్న రామ్‌కిషన్‌ను ఆపి చెప్పాడు. "నువ్వు గేటు సూస్కో" అన్నాడు రామ్‌కిషన్. వారం తిరక్కుండానే మిషన్ ఆగిపోయింది. రామ్‌కిషన్ రెండు రోజులు దాని చుట్టూ ప్రదక్షిణాలు చేసి, జర్మనీవాళ్లు పాత మాలు అంటగట్టారని తేల్చాడు. ఆడలేనివాడికి మద్దెల ఎప్పుడూ ఓడే.

మూడో రోజు ఉదయానికి గేటు బయట నలభై బండ్లు నిలిచాయి. మబ్బు పట్టి ఉంది. బస్తాల్లో అల్లం చెమర్చి వాసన పట్టింది. మొగుడంపల్లి రైతు ఒకాయన బస్తా విప్పి, తెల్లగా బూజు పట్టిన అల్లం కొమ్ము తీసి వీరప్ప చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. వాచ్‌మన్‌తో ఏమంటాడు? వీరప్ప దాన్ని కాసేపు చూశాడు. లాఠీని గోడకు ఆనించి లోపలికి నడిచాడు.

రామ్‌కిషన్ అడ్డం రాబోయి, వీరప్ప మొహం చూసి తప్పుకున్నాడు. వీరప్ప పైమూత విప్పాడు. ఫ్యాన్ దించాడు. అరిగిన బేరింగు లాగేసి, జర్మనీ పెట్టెల్లో వచ్చిన కొత్తది ఎక్కించాడు. వదులైన గొలుసు సరిచేశాడు. చూపడానికి కర్ర లేదు, అరవడానికి గుమాస్తా లేడు. నాలుగు గంటలు ఒళ్లు మరిచి పని చేశాడు. ఆ నాలుగు గంటలూ అతనికి హాయిగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి మిషన్ నడిచింది, బండ్లు లోపలికి కదిలాయి. వీరప్ప చేతులు కడుక్కుని, వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాడు.

మర్నాడు అతనికి మెమో వచ్చింది. మాణిక్‌రావు ఆఫీసుకు పిలిచి చదివి వినిపించాడు. "గేటు వాచ్‌మన్‌గా ఉన్న మీరు, ఎవరి అనుమతీ లేకుండా డ్రయ్యరు గదిలో ప్రవేశించి, పైమూత విప్పి, ఫ్యాను దించి, అరిగిన బేరింగును తీసి కొత్తది బిగించి, గొలుసు సరిచేసి, ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా మిషన్‌ను నడిపించినారు. అనుమతి లేకుండా పని చేసిన ఈ నేరానికి మిమ్మల్ని ఎందుకు తొలగించరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను." 'ఎవరి సాయమూ లేకుండా ఒంటరిగా' అన్న ముక్క రామ్‌కిషన్ పట్టుబట్టి రాయించింది. ఈ నేరంలో తనకు వాటా లేదని అతని జాగ్రత్త.

"ఇంకొక్కపారి సదువున్రి సారూ" అన్నాడు వీరప్ప. మాణిక్‌రావు మళ్లీ చదివాడు. వీరప్ప కళ్లు మూసుకుని విన్నాడు.

మాణిక్‌రావు దుర్మార్గుడు కాడు, గుమాస్తా. అతనికీ ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. "ఫికర్ జెయ్యకు" అన్నాడు. "సంజాయిషీ నేను రాస్త. నువ్వేం ముట్టలె, రామ్‌కిషన్‌తోని చర్చ జేసినవ్, అంతే. మీటింగు అని రాస్త. నౌకరి ఉంటది."

నౌకరి పోతే నారమ్మకు ఏం చెప్పాలో వీరప్పకు తెలియదు. కానీ డిసెంబరు నెల మీద కొట్టిన ఎర్రగీత కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

"మీటింగు వద్దు సారూ. పని జేసిన అని రాయున్రి."

"నౌకరి పోతది వీరప్పా!"

"పోనియ్యి. నాలుగేండ్ల సంది ఈడ పని జేసిన. చేసినవని మీరు రాసింది గిదొక్కటే కాగితం. దీన్ని కూడ అబద్ధం జెయ్యమంటరా?"

మాణిక్‌రావు కలం పట్టుకుని అతని మొహంలోకి చూశాడు. చివరికి 'పని చేశాను' అని రాశాడు. వీరప్ప కింద సంతకం పెట్టి, మెమో మీద మేనేజరు ముద్ర సరిగా పడిందో లేదో చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాలుగో రోజు గేటు దగ్గర ఇంకో మనిషి కూర్చున్నాడు. అనుమతి లేకుండా పని చేస్తే శిక్ష అన్న మాట ఆ ఫ్యాక్టరీలో అమలైంది ఒక్క మనిషి మీద. అతనిది ఝరాసంగం.

బీదరు రోడ్డు మీద మహాదేవప్పకు పెద్ద వర్క్‌షాపు ఉండేది. చెరకు గానుగలు, ఆయిలింజన్లు బాగుచేసేవాడు. వీరప్ప వెళ్లి పని అడిగితే, మునుపు పని చేసినట్టు కాగితమేమన్నా ఉందా అన్నాడు. వీరప్ప మెమో తీసి ఇచ్చాడు. మహాదేవప్ప కళ్లజోడు పెట్టుకుని, వెలుతురులోకి వెళ్లి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. కింద ముద్ర చూశాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఇవన్ని నువ్వొక్కనివే జేసినవా?"

"ఒక్కన్నే జేసిన."

మహాదేవప్ప కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు.

"గీ నేరాలన్ని మా దగ్గర జేస్తవా?"

"జేస్త" అన్నాడు వీరప్ప.